ఒక బండి నుంచి అన్ని బండ్లకు

మీరు రైలెక్కినప్పుడు చూసే ఉంటారు. టిఫిన్లు అయిపోయిన కాసేపటికి ఇద్దరు మనుషులు పెట్టెలోకి వస్తారు. ముందు వచ్చే మనిషి నీళ్ల సీసాలు మాత్రమే అడుగుతాడు. వెనకాల వచ్చే మనిషి తిని వదిలేసిన పొట్లాలూ కప్పులూ పట్టుకుపోతాడు. ఎందుకిద్దరు, ఒక్కరే ఒక పెద్ద సంచి తెచ్చుకుంటే పోదా అని ఎవరూ అడగరు. అడిగినా ఆ పనివాళ్లకు తెలియదు. మాకిలా నేర్పారు అంటారు. నేర్పినవాళ్లలో నేనొకదాన్ని.

సికింద్రాబాద్‌లో రైలు పెట్టెలు శుభ్రం చేయించే విభాగంలో సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు కాప్రాలో చిన్న ఫ్లాటులో ఉంటున్నాను. ఈ మధ్య మా విభాగంలో కొత్తగా చేరిన ఒకమ్మాయి ఫోన్ చేసి, "మేడమ్, ఈ సీసాలు వేరుచేసే పని మన దగ్గరే మొదలైందట కదా, ఎలా మొదలుపెట్టారు?" అని అడిగింది. రెండు ముక్కలు చెప్పి ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక, చెప్పినదాంట్లో అబద్ధం లేకపోయినా అసలు సంగతి ఏదీ చెప్పలేదనిపించింది. ఆ అమ్మాయి కోసమే ఇది రాస్తున్నాను. ఆమె వయసువాళ్లు ఇంకెవరైనా చదివితే సంతోషం.

ఆ పని మొదలయ్యేనాటికి మా అమ్మ పోయి ఏడాది దాటింది. మాది గుంటూరు వైపు. నాన్నకు రైల్వేలో ఉద్యోగం రావడంతో నా చిన్నప్పుడే ఇక్కడికి వచ్చేశాం. లాలాగూడలో క్వార్టరు, అందులో నేనొక్కదాన్నే. పెళ్లి చేసుకోలేదు. కారణాలు ఇక్కడ అనవసరం. డ్యూటీ దిగి ఇంటికి వెళితే ఫ్యాను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు ఉండేది కాదు. ఒక గ్లాసు బియ్యం పెట్టుకుంటే అదీ మిగిలేది. టీవీ పెట్టి వేరే గదిలో కూర్చునేదాన్ని. ఎవరో మాట్లాడుకుంటున్నట్టు ఉంటుందని.

ఆ రోజుల్లోనే పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చే ఒక బండిలో చెత్త వేరుచేసే ప్రయోగం చేద్దామనుకున్నారు. సూపర్‌వైజరు కూడా బండిలోనే వెళ్లాలి, ఎవరు వెళతారు అని మీటింగులో అడిగితే మిగతావాళ్లంతా బల్లకేసి చూశారు. నేను చెయ్యెత్తాను. పని మీద శ్రద్ధ అనుకున్నారు. ఇంట్లో కూర్చోలేక అని నేను చెప్పలేదు.

నాకు ముగ్గురినిచ్చారు. ఒకాయన మేస్త్రీ. జనగామ వైపు మనిషి, ముసల్మాను. ఇంట్లో కూడా తెలుగే మాట్లాడతామని చెప్పేవాడు. తెల్లగడ్డం, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, యూనిఫారం జేబులో దువ్వెన. రిటైర్మెంటుకు ఇంకా కొన్నేళ్లుంది. మిగతా ఇద్దరూ ఆడవాళ్లు. పెద్దామె భర్త పోయాక అతని ఉద్యోగంలో చేరింది. తక్కువ మాట్లాడుతుంది, అన్నీ చూస్తుంది. చిన్నామె నవ్విందంటే పక్క పెట్టెలోకి వినబడేది. ఇద్దరూ మేస్త్రీని చాచా అనేవాళ్లు.

మొదటి వారం మా ప్రయోగం నవ్వులపాలైంది. ప్రతి పెట్టె చివరా నీలం డబ్బా ఒకటి, ఆకుపచ్చ డబ్బా ఒకటి పెట్టించాం. నీలం దాంట్లో పొడి చెత్త వెయ్యాలి. అందులో సాంబారు పోశారు. ఒకాయన డబ్బా మూత మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టి పాలు తాగించాడు. ఇలా కాదని నేనొక ప్రకటన రాసుకున్నాను. "ప్రయాణికులు తమ వ్యర్థాలను తడి, పొడిగా వర్గీకరించి సహకరించగలరని మనవి." ప్రతి పెట్టెలోనూ నిలబడి గట్టిగా చదివాను. ఒక పెద్దమనిషి చెవి దగ్గర్నుంచి ఫోన్ పక్కకు జరిపి, "టీ ఎప్పుడొస్తుందమ్మా?" అనడిగాడు.

రెండో వారంలో ఒక రోజు చూద్దును కదా, నాకు చెప్పకుండానే ముగ్గురూ పని పంచుకున్నారు. ముందు మేస్త్రీ సంచి పట్టుకుని నడుస్తున్నాడు. "అమ్మా, సీసా. సార్, సీసా." ఇంకో మాట లేదు. వాళ్లు చెయ్యి చాపి ఇస్తే తీసుకోవడం, చిన్నగా తలవంచడం, ముందుకు కదలడం. నాలుగు వరుసల వెనకాల పెద్దామె వస్తోంది. "తిన్నయన్నీ నాకియ్యిండ్రి. చెంచాలు గిట్ల అందులోనే ఉండనియ్యిండ్రి." ఆ వెనక చిన్నామె కింద పడ్డవి ఊడ్చుకుంటూ, పిల్లల్ని నవ్విస్తూ వస్తోంది. జనానికి డబ్బాల రంగులు గుర్తుండలేదు గానీ ఈ మనుషులు గుర్తుండిపోయారు. తెల్లగడ్డం తలుపు దగ్గర కనబడగానే సీసాలో అడుగున మిగిలిన నీళ్లు గటగటా తాగేసి చేతిలో పట్టుకుని కూర్చునేవారు. సంచులు విప్పితే సీసాల సంచిలో సీసాలే. ఇంకేమీ లేవు. అలాంటి చెత్త నేను నా సర్వీసులో అంతకుముందు చూడలేదు.

తిరుగు ప్రయాణంలో పనైపోయాక చివరి పెట్టెలో ఖాళీ సీట్లు చూసుకుని అన్నాలు తినేవాళ్లం. నా డబ్బాలో ఎప్పుడూ పప్పే. చిన్నామె మూత తీసి చూసి, "మేడమ్, మీకు పప్పు దప్ప ఏం రాదా?" అనేది. మేస్త్రీ వాళ్లావిడ చేసిన చుక్కకూర మాంసం తెచ్చేవాడు. నేను తిననని ఆయనకు తెలుసు. అయినా నా ముందు డబ్బా మూత మీద రెండు రొట్టెలు వేరేగా పెట్టేవాడు. అవి మాంసం డబ్బాకు తగలకుండా వేరే గుడ్డలో కట్టించుకుని తెచ్చేవాడని చాలా రోజులకు గానీ నేను గమనించలేదు. బండి సికింద్రాబాద్ దగ్గరపడుతుంటే నాకు దిగులు పట్టుకునేది. అందరికీ ఇల్లు చేరుతున్నామని సంతోషం. నాకేమో ఇంకో స్టేషనుంటే బాగుండుననిపించేది.

మేస్త్రీకి చెవులు సరిగా వినబడవని కూడా నాకు ఆలస్యంగానే తెలిసింది. వెనకనుంచి పిలిస్తే పలికేవాడు కాదు. ఎవరో ఒకరు భుజం మీద తట్టేవారు, అప్పుడు తిరిగి "జీ మేడమ్" అనేవాడు. ధ్యాస పనిమీద ఉందనుకునేదాన్ని. ఒక రోజు ప్లాట్‌ఫారం మీద దిగి పట్టాలు దాటుతుంటే చూశాను. పెద్దామె ఆయనకు ముందు, చిన్నామె వెనక. ఎవరూ ఏమీ అనుకోకుండానే అలా సర్దుకుని నడుస్తున్నారు. ఎప్పుడూ అలాగే నడుస్తారని అప్పుడు గుర్తుకొచ్చింది. పెద్దామెను పక్కకు పిలిచి అడిగితే, "ఎడమ చెవు మొత్తానికే లేదు మేడమ్. కుడిది జెర నయం. మేమున్నం గద" అంది. బండిలో ఉన్నంతసేపూ దానివల్ల ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు. కిందికి దిగితే వాళ్లిద్దరూ ఉన్నారు. నేనూ ఆ మాట ఎక్కడా ఎత్తలేదు.

కొన్నాళ్లకు పెద్ద ఆఫీసరు ఒకాయన మా బండిలో వచ్చాడు. మంచివాడు, పని తెలిసినవాడు. చివరి పెట్టెదాకా మా వెనకాలే నడిచి, సంచులు విప్పించి చూశాడు.

"బ్రహ్మాండంగా ఉంది. బాటిల్స్‌కి ఒకరు, ఫుడ్‌కి ఒకరు. ఇంత సింపుల్‌గా ఎవరికీ తట్టలేదు. ఐడియా ఎవరిదమ్మా?" అని అడిగాడు.

ఆడవాళ్లిద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. మేస్త్రీ చిరునవ్వుతో నిలబడి ఉన్నాడు. ఆయనకు ప్రశ్న వినబడలేదని నాకు తెలుసు.

"అందరిది సార్" అంది పెద్దామె.

ఆఫీసరు వెళ్లాక నా దగ్గరికొచ్చింది. "మేడమ్, మీకు చెప్పకపోతే మంచిగుండదు. ఐడియా గిడియా ఏం లేదు. చాచాకు ప్యాసింజర్లు ఏమంటున్రో ఇనబడ్తలేకుండె. ఒకామె పాల సీసా ఉండనియ్యి, పొట్లం తీస్కపో అంటే, ఈయన పాల సీసా తీసి సంచిల ఏసిండు. మస్తు లొల్లయింది. గందుకే, చాచా, నువ్వు సీసాలే అడుగు, మాటలవడే పని మేం జూస్కుంటం అన్నం. గంతే."

కొద్ది రోజుల్లోనే ఉత్తర్వులొచ్చాయి. సికింద్రాబాద్ నుంచి బయల్దేరే అన్ని బండ్లలోనూ ఇదే పద్ధతి. కాంట్రాక్టు పనివాళ్లను జంటలు జంటలుగా పెడతారు. వాళ్లకు నేర్పడానికి మా ఆడవాళ్లిద్దరూ చెరో వైపు బండ్లలో వెళ్లాలి. అన్ని బండ్లలోంచీ దిగే సంచులు యార్డులో ఒక షెడ్డుకు చేరతాయి. ఆ షెడ్డుకు మేస్త్రీ ఇన్‌చార్జి. మొత్తం పథకం చూసుకోవడానికి నేను, నాకొక గది. కాగితం మీద చూస్తే ఇంతకంటే సబబైన ఏర్పాటు ఇంకోటి లేదు. మేం నలుగురం కలిసి చేసిన పని అన్ని బండ్లకూ వెళుతోందంటే నాకు గర్వంగానే ఉంది. ఆ పని అన్ని బండ్లకూ వెళ్లాలంటే మేం కలిసి ఉండకూడదన్న సంగతి ఆ కాగితం చదివాక గానీ తట్టలేదు.

ఆఫీసరు దగ్గరికి వెళ్లాను.

"సార్, యార్డులో మేస్త్రీకి తోడు పెద్దామెను కూడా ఉంచుదాం."

"ఎందుకు మేడమ్?"

"ఇద్దరికీ కలిసి పనిచేసి అలవాటు."

ఆయన నవ్వాడు. "మన దగ్గర పని తెలిసినవాళ్లే ముగ్గురు. ఇద్దర్ని ఒకేచోట కూర్చోబెడితే ఇక ఎక్స్‌పాన్షన్ ఎలా అవుతుంది? ఏమైనా ప్రాబ్లం ఉంటే చెప్పండి, చూద్దాం."

చెప్పాల్సింది నా నాలుక చివర ఉంది. అది చెప్పడానికి నాకు ఆ మనిషి అనుమతి లేదు. బయటికొచ్చి మేస్త్రీనే అడిగాను, యార్డు ఇబ్బంది కాదా అని. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"ఇన్నేండ్ల సర్వీసుల మొదటిసారి ఇన్‌చార్జి అన్నరు మేడమ్. మా ఇంట్ల చెప్తే నమ్మలే. మీరు పరేషాన్ గాకుండ్రి."

నలుగురం కలిసి ప్రయాణం చేసిన ఆఖరి రోజున ఎవరూ ఏమీ ప్రత్యేకంగా అనుకోలేదు. చిన్నామె నా డబ్బా మూత తీసి చూసింది గానీ పప్పు గురించి ఏమీ అనలేదు. అంతే తేడా.

డిపోలో నాకిచ్చిన గది కిటికీలోంచి యార్డు కనబడేది. గోడకు ఒక మ్యాపు, బల్లమీద రకరకాల సంచుల నమూనాలు, ఒక ఫోను. వేరే ఊళ్ల డిపోల నుంచి పొద్దస్తమానం ఫోన్లు వచ్చేవి. సంచులు చిరిగిపోతున్నాయని ఒకరు, పనివాళ్లు మానేశారని ఒకరు, సీసాల సంచిలో సగం పెరుగన్నమే ఉందని ఒకరు. నేనే ఊళ్లకు వెళ్లి నేర్పించి వచ్చేదాన్ని. రెస్టు హౌసుల్లో పడుకునేదాన్ని. ఎక్కడికి వెళ్లినా మేడమ్ వచ్చారని కుర్చీ వేసేవారు, టీ తెప్పించేవారు, నేను వెళ్లిపోయేదాకా నిలబడే ఉండేవారు. పక్కన కూర్చుని డబ్బా మూత తీసినవాళ్లు లేరు. సికింద్రాబాద్‌లో ఉన్న రోజుల్లో మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసుకుని, సంచుల నమూనాలు ఒక పక్కకు నెట్టి అన్నం తినేదాన్ని. కిటికీలోంచి మేస్త్రీ షెడ్డు రేకుల కప్పు కనబడేది. మనిషి కనబడేవాడు కాదు.

పెద్దామె, చిన్నామె వేర్వేరు వేళల్లో డ్యూటీ దిగేవారు. ఒకరికొకరు కనబడటమే గగనమైపోయింది. అప్పుడప్పుడూ నా గది తలుపు సందులోంచి తొంగిచూసి, "మంచిగున్నరా మేడమ్?" అని బండి టైమవుతోందని పరిగెత్తేవాళ్లు.

ఒక వానాకాలం మధ్యాహ్నం కొత్త రకం సంచులు మేస్త్రీకి చూపించాలని యార్డులోకి వెళ్లాను. వాన అప్పుడే తెరిపిచ్చింది. మీలో యార్డు చూడనివాళ్ల కోసం ఒక సంగతి చెప్పాలి. కడగడానికి తెచ్చే బండిని చాలాసార్లు ఇంజిను వెనకనుంచి నెట్టుకొస్తుంది. ఇంజిను ఎక్కడో అవతలి కొసన ఉంటుంది. మనకేసి వచ్చేది ఖాళీ పెట్టె. దానికి చప్పుడు దాదాపు ఉండదు. అందుకే పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ పచ్చజెండా పట్టుకుని, విజిల్ ఊదుతూ దానితోపాటు వస్తాడు.

మేస్త్రీ పట్టాల మధ్యనే నడుస్తున్నాడు. సీసాల సంచి వెనకాల ఈడ్చుకుంటూ, నావైపు వీపు పెట్టి, షెడ్డు వైపు. ఆయన వెనకాల అదే లైన్లో పెట్టె వస్తోంది. పాయింట్స్‌మన్ అవతలి పక్కన ఉన్నాడు. విజిల్ ఊదుతున్నాడు. ఆగకుండా ఊదుతున్నాడు. ఇంజిను కూడా కూత పెట్టింది. నేను "మేస్త్రీ గారూ" అని అరిచాను. సంచులు పారేసి పరిగెత్తాను. తడిసిన కంకర మీద చెప్పులు జారుతున్నాయి. మళ్లీ అరిచాను. ఆయన నడక మారలేదు, తల తిరగలేదు. అంత స్థిమితంగా నడుస్తున్న మనిషిని నేను ఇంకెప్పుడూ చూడలేదు.

అప్పుడు సంచి మూతిలోంచి ఒక సీసా జారి, పట్టా మీదుగా దొర్లి నేనున్న పక్కకు పడింది. ఆయన సంచిని కూడా లాక్కుంటూ పట్టా దాటి, వంగి ఆ సీసా తీసుకున్నాడు. పెట్టె ఆయన వెనకనుంచి వెళ్లిపోయింది. ఆ గాలికి చొక్కా ఎగిరింది. అప్పుడు తలెత్తి చూశాడు. పెట్టెలు ఒకటొకటిగా వెళుతున్నాయి. అవన్నీ పోయాక, ఇటు తిరిగి నన్ను చూసి చేతిలో సీసాతోనే సలాం పెట్టాడు.

పాయింట్స్‌మన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "మేడమ్, అంతగనం విజిల్ ఊదుతుంటే ఆయన ఇనలేదా? ఇది రిపోర్టు జెయ్యాల్నా?" అన్నాడు. రిపోర్టు వెళితే ఎంక్వయిరీ. వినికిడి సంగతి దాచిపెట్టి యార్డులో పనిచేశాడని మేస్త్రీ మీద చర్య. "నేను చూసుకుంటాను, మీరు వెళ్లండి" అన్నాను.

మేస్త్రీని క్యాంటీను బయట బెంచీ మీద కూర్చోబెట్టాను. ఆయనకు కుడివైపు కూర్చున్నాను. టీలు తెప్పించాను. ఆయన నింపాదిగా ఊదుకుంటూ తాగుతున్నాడు.

"రేపు మీరు మెడికల్‌కు వెళ్లండి. మీ అంతట మీరే వెళ్లి చెవి సంగతి చెప్పండి" అన్నాను.

"ఏం చెవి?"

"మేస్త్రీ గారూ."

ఆయన టీ గ్లాసులోకి చూశాడు. "బండి జూసే పక్కకు జరిగిన మేడమ్. ఈ పట్టాల మీదనే ముసలోన్నయిన. నాకు తెల్వదా?"

"మీరు సీసా కోసం జరిగారు."

"మీరు బుగులువడ్డరు. బుగులుల అట్లనే అనిపిస్తది."

"ఉద్యోగం పోదు. వేరే పని ఇస్తారు. జీతమూ తగ్గదు."

"జీతం గురించి ఎవరడిగిన్రు?" మొదటిసారి ఆయన గొంతు పెరిగింది. "ఓ మూలకు స్టూలేసి కూసోబెడ్తరు. చెవిటోడంటరు. ఇప్పటిదాంక ఎవ్వల నోట్లకెల్లి ఆ మాట రాలే. రానియ్యలే."

అంతలోనే గొంతు తగ్గించి అన్నాడు. "ఇన్నొద్దులు మాతోని కూసోని అన్నం తిన్నరు గద మేడమ్."

"అందుకే చెబుతున్నాను."

"పోకపోతే?"

"నేను రాస్తాను."

ఆయన గ్లాసు బెంచీ మీద పెట్టి లేచాడు. సంచి భుజాన వేసుకుని షెడ్డు వైపు నడిచాడు. ఈసారి పట్టాలకు దూరంగా, గోడవారగా నడిచాడు. అది నేను చూస్తున్నానని చేసిందో, మరెందుకో నాకు తెలియదు. మర్నాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తనంతట తనే మెడికల్‌కు వెళ్లాడు.

అనుకున్నట్టే యార్డు పనికి పనికిరాడన్నారు. రైల్వే ఆసుపత్రిలో దుప్పట్లు మడతపెట్టే గదిలో వేశారు. ఆ గది ఒక వరండా చివర ఉంటుందని, అక్కడికెవరూ పెద్దగా రారని తర్వాత విన్నాను.

సంగతి తెలిసిన రోజున పెద్దామె నా గదిలోకి వచ్చి తలుపు వేసింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఇన్నేండ్లు మేమిద్దరం కండ్లల్ల పెట్టుకోని చూసుకుంటిమి మేడమ్. ఒక్క మనిషికి తెల్వనియ్యలే. మీరు ఒక్క దినంల తీసేసిన్రు."

"ఆ రోజు బండి ఆయన వెనకాలే ఉంది. మీరిద్దరూ అక్కడ లేరు."

"మమ్ముల ఎవరు లేకుంట జేసిన్రు?"

ఉత్తర్వులు నేను రాయలేదు. కానీ మొత్తం పథకం చూసుకునేది నేనేనని ఆ ఉత్తర్వుల్లోనే ఉంది. ఆమె ఇంకేమీ అనకుండా వెళ్లిపోయింది. చిన్నామె అసలు రానే లేదు. ఆ తర్వాత ఎదురుపడితే ఇద్దరూ "నమస్తే మేడమ్" అనేవారు. మిగతా అందరూ ఎలా అంటారో అలాగే. బండిలో కలిసి పనిచేసినప్పటినుంచీ రంజాను పండుగ మర్నాడు మేస్త్రీ ఇంటినుంచి స్టీలు గిన్నెలో సేమియా వచ్చేది. ఆ ఏడు రాలేదు. ఆ రోజు నేను సాయంత్రందాకా గదిలోంచి కదలలేదు. ఎవరైనా వస్తే ఉండాలి కదా అని.

పథకం మాత్రం బాగా నడిచింది. అది మీరు తెలుసుకోవాలి. మొదట సంచులు కలగాపులగంగా వచ్చేవి, తర్వాత్తర్వాత కుదురుకుంది. సీసాలు నలిపే మెషీన్లు వచ్చాయి. వేరే రాష్ట్రాల నుంచి ఆఫీసర్లు చూడటానికి వచ్చారు. అది నిజంగా మంచి పని. పట్టాల పక్కన గుట్టలుగా పడుండే ప్లాస్టిక్కు తగ్గడం నేను నా కళ్లతో చూశాను. వచ్చినవాళ్లు ఈ ఇద్దరి పద్ధతి ఎలా తట్టిందని అడిగేవారు. అనుభవం మీద తెలిసిందని చెప్పేదాన్ని. ఆ అమ్మాయికి ఫోన్లో చెప్పిందీ అదే.

మేస్త్రీ విషయంలో నేను చేసింది సరైన పని. ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నా అదే తేలుతుంది. సరైన పని చేశానన్న ధైర్యం ఒకటుంటే చాలు అంటారు కదా పెద్దవాళ్లు. ఆ ధైర్యం నాకు ఉంది. దానితో సాయంత్రాలు గడవవు. ఉద్యోగంలో పైకి వెళ్లేకొద్దీ ఇలాంటివి ఒకటో రెండో మీ వంతుకూ వస్తాయి. వచ్చినప్పుడు చెయ్యక తప్పదు. చేశాక ఎవరైనా వచ్చి పక్కన కూర్చుంటారని మాత్రం ఎదురుచూడకండి.

నాకన్నా ముందే మేస్త్రీ రిటైరయ్యాడు. ఆసుపత్రి ఆవరణలో చిన్న శామియానా వేశారని తెలిసింది. నన్నెవరూ పిలవలేదు. పిలవలేదని ఆగిపోతే ఇక ఎప్పటికీ ఆ మనిషిని చూడనని అనిపించి, బయల్దేరి వెళ్లాను. చివరి వరుసలో, స్తంభం చాటున కుర్చీ చూసుకుని కూర్చున్నాను. ఆడవాళ్లిద్దరూ ముందు వరుసలో పట్టుచీరలు కట్టుకుని కూర్చున్నారు. మేస్త్రీ చెవికి మెషీన్ పెట్టుకున్నాడు. మాటిమాటికీ దాన్ని వేలితో సర్దుకుంటున్నాడు. మైకు ఇస్తే నాలుగు మాటలే మాట్లాడాడు. ఆసుపత్రివాళ్లకు సలాం చెప్పాడు. పొద్దున పోయి సాయంత్రానికి వచ్చే ఒక బండిలో పనిచేసిన రోజులు తన సర్వీసులోకెల్లా మంచి రోజులన్నాడు. "నా ఇద్దరు బిడ్డలు" అని ముందు వరుసలో ఉన్నవాళ్లను చూపించాడు. ఆ బండిలో టీ అమ్మినతన్ని కూడా తలుచుకున్నాడు. నా మాట రాలేదు.

ఇక చాలని లేచి, వెనక గేటు వైపు నడుస్తుంటే ఎవరో వెనకనుంచి వచ్చారు. లావుపాటి పెద్దావిడ, తలమీద కొంగు, ఆయాసపడుతోంది.

"సూపర్‌వైజర్ మేడమ్ మీరేనా?"

అవునన్నాను. ఆమె మేస్త్రీ భార్య అని చూడగానే తెలిసింది. ఎలా తెలిసిందో చెప్పలేను. గేటు పక్కన అరుగు చూపించి, "జెర కూసుందాం" అంది. కూర్చున్నాం.

"ఆయన మీతోని మాట్లాడడు. మొండిమనిషి. నన్ను సుత మాట్లాడొద్దన్నడు. నేనెందుకు ఇంట?" అని కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఒక్కటి అడుగుత. నిజం చెప్పాలె చెల్లె. ఆ దినం యార్డుల బండి జూసే పక్కకు జరిగిన, ఆమెనే ఉత్తగ బుగులువడ్డది అంటడు. ఇప్పటికీ గదే మాట. జూసిండా?"

పాయింట్స్‌మన్‌కు, నాకు తప్ప ఆ రోజు జరిగిందంతా ఇంకెవరికీ తెలియదు. పెద్దామెతో అన్న ఆ ఒక్క ముక్క తప్ప నేను ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి ఎవరున్నారు?

"చూడలేదక్కా" అన్నాను.

అక్కడినుంచి అంతా చెప్పాను. వాన తెరిపివ్వడం, పెట్టె రావడం, విజిల్, నేను అరవడం, ఆయన తిరగకపోవడం, సీసా దొర్లడం. చెబుతూ చెబుతూ నేను ఏడుస్తున్నానని ఆమె తన కొంగు నా చేతికిచ్చినప్పుడు తెలిసింది.

ఆమె ఏడవలేదు. అంతా విని, "ఎంత దగ్గరకెల్లి పోయింది?" అని అడిగింది.

నోటితో చెప్పలేక రెండు చేతులూ ఎదురెదురుగా పెట్టి చూపించాను. ఆమె నా చేతులకేసి చూసింది. వాటిమధ్య ఉన్న ఆ కాస్త జాగాకేసి చాలాసేపు చూసింది. తర్వాత నా రెండు చేతులనూ దగ్గరికి చేర్చి, తన చేతుల్లో గట్టిగా పట్టుకుంది.

అవతల మేస్త్రీ మెడలో దండలు వేసి కారు దాకా నడిపిస్తున్నారు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. మేమిద్దరం కొట్టలేదు. మా చేతులు ఖాళీ లేవు.